సాంక్ట్ రాడెగుండ్‌లో ఫ్రాంజిస్కా

ఆస్ట్రియా సరిహద్దులో, సాల్జాఖ్ నది ఒడ్డున ఉన్న చిన్న పల్లె సాంక్ట్ రాడెగుండ్. నది దాటితే జర్మనీ. స్వస్థతనిచ్చే ఊటల కోసం, దర్శనాలు కలిగిన గుహల కోసం అక్కడికి ఎవరూ వెళ్లరు. ఉన్నవి ఒక చర్చి, ఒక రైతు ఇల్లు. ఆ రైతు ఫ్రాంజ్ యాగర్‌స్టెట్టర్ కోసమే నేను వెళ్లాను.

1938 ఏప్రిల్‌లో, ఆస్ట్రియాను జర్మనీలో కలపడంపై ఓటింగ్ జరిగినప్పుడు ఆ ఊళ్లో కాదన్నది ఆయన ఒక్కరే. హిట్లర్ యుద్ధంలో ఆయుధం పట్టడం పాపమని నమ్మి 1943 మార్చిలో సైనిక సేవకు నిరాకరించారు. ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్ జైలులో ఆయన తల నరికారు. అప్పటికి ఆయన వయసు 36.

ఇదంతా చదివే వెళ్లాను. కానీ స్మారకంగా ఉంచిన ఆ ఇంట్లో నడుస్తుంటే నా మనసును పట్టుకున్నది వేరు. ఆయనను వెనక్కి లాగినవారు శత్రువులు కారు. కన్నతల్లి, చుట్టాలు, ఇరుగుపొరుగు. సలహా కోసం లింజ్ బిషప్ దగ్గరికి వెళితే ఆయన కూడా భార్యాపిల్లల బాధ్యతనే గుర్తు చేశారు. ఇంట్లో ముగ్గురు పసి ఆడపిల్లలు మరి! ద్వేషాన్ని ఎదిరించే మనిషి కూడా ఇంత ప్రేమ ముందు తడబడతాడు.

భార్య ఫ్రాంజిస్కా కూడా మొదట బతిమాలారు. తాను కూడా కాదంటే ఆయనకు ఎవరూ మిగలరని తెలుసుకుని, ఆయన వైపు నిలిచారు. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైందని నాకనిపించింది. భర్త మొండితనానికి ఆమే కారణమని ఊరు నిందించింది. యుద్ధ వితంతువులకు ఇచ్చే పింఛను 1950 దాకా ఆమెకు దక్కలేదు. అయినా ఆమె ఊరు విడిచి పోలేదు. తనను తప్పుపట్టినవారి మధ్యే వ్యవసాయం చేసి పిల్లలను పెంచారు.

ఆ ఊరివారిని నేను దుష్టులనలేను. వాళ్ల కొడుకులూ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఫ్రాంజ్ చేసింది సరైనదైతే మన బిడ్డ దేనికోసం చనిపోయాడన్న ప్రశ్న ప్రతి ఇంటి ముందూ నిలబడుతుంది.

చర్చి గోడ పక్కన, 1946లో ఆయన చితాభస్మాన్ని పూడ్చిన చోట, ఇంటివారి మాటకూ మనస్సాక్షికీ మధ్య నలుగుతున్నవారి కోసం ప్రార్థించాను.

2007 అక్టోబరు 26న లింజ్‌లో కాథలిక్ చర్చి ఫ్రాంజ్‌ను ధన్యుడిగా, అంటే పునీతుడయ్యే ముందు మెట్టుకు చేరినవాడిగా, ప్రకటించినప్పుడు ఫ్రాంజిస్కా వయసు 94. ఆయన అవశేషాలున్న పాత్రను ఆ వేడుకలో ఆమె ముద్దు పెట్టుకున్నారు. 2013లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు.