తడిబట్టతో నాలుగు నెలలు

ఇవాళ పొద్దున్నే రిపోర్టు వచ్చింది. మూడు నెలల సగటు షుగర్ (HbA1c పరీక్ష) 5.8 శాతం. జనవరిలో 6.3 ఉండేది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ మన గుమ్మంలో నిలబడి తలుపు కొడుతున్నట్టట. ఇంకా కొడుతూనే ఉంది గానీ చప్పుడు కాస్త తగ్గింది. ఈ సంబరం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకు 54 ఏళ్లు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం, అంటే కుర్చీకి అంటుకుపోయే ఉద్యోగం. రోజూ అరగంటైనా ఒళ్లు వంచమన్నారు డాక్టరుగారు. జిమ్‌లో చేరితే ఏడాది ఫీజు ఒకేసారి కట్టించుకున్నారు. పదకొండు రోజులు వెళ్లాను, పన్నెండో రోజు నడుం పట్టేసింది. మిగతా డబ్బులు అడిగితే, "వేరేవాళ్ల పేరు మీదికి మార్చుకోండి సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. ఎవరి పేరు మీదికి, మా ఆవిడ పేరు మీదికా? ఏడాది ఫీజు మాత్రం ఎవరూ కట్టకండి. తర్వాత కాలవగట్టు మీద నడక. మార్చి నెలాఖరుకి బెజవాడ ఎండ దాన్నీ మాన్పించింది.

అప్పుడు ఎక్కడో చదివాను. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, అందులో ఇంటి పని కూడా లెక్కే. ఏకబిగిన పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అనే పాత షరతునీ తీసేసింది. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ ఓ మాదిరి శ్రమకి కొలత. ఇంకేం, ఫీజు లేని జిమ్ ఇంట్లోనే ఉంది కదా అనుకున్నాను.

అంట్లు తోమడం తేలిక. నిలబడి తోమే పని, పాట కూడా పాడుకోవచ్చు. బట్టలు ఆరేయడం నయం, తడిబట్టల బకెట్టు పట్టుకుని మూడు అంతస్తులు మెట్లెక్కితే పాట దానంతటదే ఆగిపోతుంది. డాబా మీద పక్క ఫ్లాటావిడ చూసి, "పనావిడ మానేసిందా అన్నయ్యగారూ?" అని పరామర్శించింది. ఆవిడ మొహంలో జాలి చూడాలి.

ఇల్లు తడిబట్ట పెట్టడం దగ్గర నా పరువు పూర్తిగా పోయింది.

కర్ర మాపు ఉంది. కానీ నాకెక్కడో రోషం. మా అమ్మ గొంతుక్కూర్చుని గోనెపట్టాతో ఇల్లంతా తుడిచేది, నేను తుడవలేనా? పాత లుంగీ చింపి, బకెట్టు నిండా నీళ్లు తీసుకుని (సగం చాలు, మోసేటప్పుడు తెలుస్తుంది) వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టాను. అదే మొదటి తప్పు. లోపలి నుంచి గుమ్మం వైపు వెనక్కి జరుగుతూ రావాలని 54 ఏళ్లలో నాకెవరూ చెప్పలేదు. చెప్పలేదేముంది, నేనే చూడలేదు. సోఫా దాటి టీవీ బల్ల పక్క మూలకి చేరేసరికి చుట్టూ తడి, మధ్యలో నేను. సరే, లేచి తొక్కుకుంటూ పోదామనుకుంటే మోకాళ్లు బిగుసుకుపోయాయి. ముందుకు వంగితే బకెట్టు అడ్డం, వెనక్కి వాలితే గోడ. టీవీ బల్ల పట్టుకుంటే అది ఊగింది. అలాగే చతికిలబడ్డాను. లుంగీ తడిసిపోయింది.

సరిగ్గా అప్పుడే పనావిడ వచ్చింది. ఆవిడకి అరవై దాటాయి, పన్నెండేళ్లుగా మా ఇంటికి వస్తోంది. చెప్పులు విప్పి, ఏం జరిగిందని అడగకుండా, తడి మీద మునివేళ్లతో నడిచొచ్చి, "చెయ్యి పట్టుకోండి బాబుగారూ" అని ఒక్క ఊపులో లేపేసింది. తర్వాత చీరకుచ్చెళ్లు దోపుకుని అదే మూలలో కూర్చుని నాలుగు ఊపుల్లో పని పూర్తి చేసింది. మడమలు రెండూ నేలకి ఆనే ఉన్నాయి. నావి ఎప్పుడో గాల్లోకి లేచాయి. కిటుకంతా ఆ మడమల్లోనే ఉందని అప్పుడు చూశాను.

వెళ్లేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర ఆగింది. "నన్ను మానిపించేస్తారా బాబూ?" అంది.

నాకు నోట మాట రాలేదు. నేను సరదాగా చేసే కసరత్తు ఆవిడకి నెల జీతం. ఆ ముక్క చదివిన చోట ఎక్కడా రాయలేదు. మా ఆవిడ లోపలి నుంచి వచ్చి, "జీతం జీతమే, ఈయన చేసింది చేస్తారు, మిగిలింది నువ్వు చెయ్యి" అని తేల్చేసింది. తర్వాత నా వైపు తిరిగి, "మీరు చేసింది మళ్లీ చెయ్యాలి కాబట్టి దానికి పనేం తగ్గదు" అంది కూడా.

రెండు వారాలు కిటికీ ఊచ పట్టుకుని గొంతుక్కూర్చోవడమే ప్రాక్టీసు చేశాను. మోకాళ్లు అరిగినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు ఈ రోషాలకి పోకండి, కర్ర మాపుతోనే కానివ్వండి. గుడ్డ పిండడం వల్ల ముంజేతులు మాత్రం వారం పాటు సలిపాయి. జిమ్‌లో డంబెల్స్‌తో కూడా అంత సలపలేదు. ఫోన్‌లో అడుగుల లెక్క చూసి మోసపోకండి. అరగంట చెమటలు కారేలా తుడిస్తే అది 190 అడుగులు చూపించింది. కూర్చుని జరిగితే దానికి తెలియదు.

5.8 అంతా తడిబట్ట మహిమే అనను. కాఫీలో రెండు చెంచాల పంచదార కూడా మానేశాను. కానీ ఇప్పుడు మూడు గదులూ హాలూ తుడిచి, ఏమీ పట్టుకోకుండా లేస్తాను. మా బ్రాంచిలో నా ఈడువాళ్లలో ఇంకెవరు లేస్తారో చూపించండి.

నిన్న పనావిడ వచ్చేసరికి హాలు అయిపోవచ్చింది. పీట వేసుకుని కాఫీ తాగుతూ, గ్లాసుతోనే ఫ్రిజ్ కిందకి చూపించింది. "ఆ మూల బొద్దింక చచ్చి పడుంది బాబుగారూ, వదిలేశారు."