గొర్రె ఎడమ డొక్క, హార్డీ నవల, మా బాపు

మా పాపకి చదవమని స్కూల్లో థామస్ హార్డీ నవల ఇచ్చారు, ఫార్ ఫ్రమ్ ది మ్యాడింగ్ క్రౌడ్, 1874 నాటిది. మేం ఉండేది ఇంగ్లండ్‌లో రీడింగ్ దగ్గర, నేను చదివింది నల్గొండ పక్కన పల్లెలో సర్కారు బడిలో. అందుకే మ్యాథ్స్ అయితే రా తల్లీ అని కూర్చోబెట్టుకుంటా గానీ ఇంగ్లీష్ లిటరేచర్ అంటే మెల్లగా గిన్నెలు కడగడానికి జారుకుంటా.

ఈసారి తనే కిచెన్‌లోకి వచ్చింది. "డాడీ, గొర్రెలు క్లోవర్ తింటే ఎందుకు చచ్చిపోతాయ్? అది కూడా మేతే కదా?"

క్లోవర్ అంటే ఏందా అని ఫోన్‌లో చూస్తే మన దగ్గర పశువులకి వేసే లూసర్న్ లాంటిదే. లేత పచ్చిమేత ఒక్కసారే ఎగబడి మేస్తే గ్యాస్ పట్టి కడుపు డోలు లెక్క ఉబ్బుతుంది, ఊపిరాడదు, చూస్తుండగానే పోతాయి. ఇది నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు, మా బాపుకి 40 గొర్రెలుండేవి. కానీ తర్వాత ఏం చేస్తారో నేను చెప్తే ఏం బాగుంటదని బాపుకే వీడియో కాల్ చేశా.

కథ సగం పాప ఇంగ్లీషులో, మిగతా సగం నేను మా భాషలో. గేబ్రియల్ ఓక్ అని ఒకాయన, సొంత మంద ఉండేది, లేత కుక్క ఒకటి బుద్ధిలేక తరిమితే 200 సూడి గొర్రెలు రాత్రికి రాత్రి సున్నపురాయి గొయ్యిలో పడి చచ్చాయి. బాపు చాలాసేపు మాట్లాడలే. తర్వాత "గన్ని గొర్లకు ఇన్సూరెన్స్ చేపియ్యలేదా వాడు?" అన్నాడు. పాప నోరు తెరిచింది, ఎందుకంటే పుస్తకంలో నిజంగానే ఉంది, ఇన్సూరెన్స్ లేదని.

తర్వాత ఓక్ బాత్‌షెబా అనే ఆవిడ దగ్గర పనికి కుదిరాడు. మేనమామో బాబాయో, ఇంగ్లీషులో అంకుల్ అంటే ఎవరో తెలీదు కదా, ఆయన వ్యవసాయం ఆమె చేతికొచ్చింది. అంతకుముందే ఓక్ పెళ్ళాడమని అడిగితే కాదంది, ఇప్పుడు మాటామాటా వచ్చి పనిలోంచి తీసేసింది. సరిగ్గా అప్పుడే ఆమె గొర్రెలు క్లోవర్ చేలో పడ్డాయి. కబురు పంపితే మర్యాదగా అడిగితేనే వస్తానన్నాడు. "కరెక్టే అన్నడు," అని బాపు. చివరికి ఆమె చీటీ రాసి బతిమాలితే వచ్చాడు.

"వచ్చి ఏం చేశాడో చెప్పు తాతా," అంది పాప.

"ఎడమ డొక్కల పొడుస్తడు. కుడి దిక్కు పొడిస్తే పని కాదు బిడ్డా."

డొక్క అంటే తనకి తెలీదు, నేను నా పక్కటెముకల కింద చూపించా. పేజీ తిప్పి చదివింది: ఎడమ పక్కనే, సన్నటి గొట్టంలో సూది పెట్టి పొడిచి సూది లాగేస్తాడు, గాలి బుస్సున పోతుంది. 49 గొర్రెలు అట్లా బతికాయి, ఒక్కదానికి మాత్రం గురి తప్పింది.

పదహారేళ్ళలో తాతా మనవరాలూ హాయ్ తాతా, తిన్నవా బిడ్డా దాటి ఇంతసేపు మాట్లాడుకున్నది నేను చూళ్ళేదు. శనివారాలు తెలుగు క్లాసుకి పంపి, పద్యాలు బట్టీ పట్టించి, తెలుగులోనే మాట్లాడాలని ఇంట్లో రూల్స్ పెట్టి నేను తెచ్చుకుంది ఏం లేదు, తలుపు దఢాల్మని వేసుకోవడం తప్ప. ఆ కథ జరిగే డార్సెట్‌లో గొర్రెకి కడుపుబ్బితే ఇక్కడ పని అయ్యింది.

మొన్న హాలిడేస్‌లో డార్చెస్టర్ దగ్గర హార్డీ పుట్టిన ఇంటికి కూడా పోయాం, ఈ నవల రాసింది ఆ ఇంట్లోనే. గడ్డి కలిపిన మట్టిగోడలు, పైన గడ్డి కప్పు. పాప ఫోటో తీసి తాతకి పంపింది. "మన పాత ఇల్లే" అని బాపు వాయిస్ మెసేజ్, దాని వెనకాలే ఇంకోటి: ఆ సోకుల మిలిటరీ సార్జెంటుని చేసుకుందన్నవు కదా ఆ బాత్‌షెబా పిల్ల, ఏమాయె మరి?

పాప ఇంకా అక్కడిదాకా రాలే. ఆదివారం చెప్తా తాతా అంది.