పదకొండో పొర కూడా పోయింది

రియో అనే కుండీ మొక్క ఆకు కణాలను మైక్రోస్కోపు కింద ఉప్పునీళ్లతో ముడుచుకునేలా చేయడం నాకు మొదటి రోజే వచ్చేసింది. వాటిని చావకుండా మళ్లీ ఉబ్బించడం ఐదు వారాలైనా రావట్లేదు. ఈ ఆదివారం ఆకు నుంచి పదకొండో పల్చటి పొర తీశాను. అదీ పోయింది.

మొదట్లో 5 శాతం ఉప్పునీళ్లు వాడాను. మూడు నిమిషాల్లో కణంలోని ఊదా రంగు కణకవచాన్ని, అంటే కణం గోడను, వదిలి మధ్యలో ముద్దగా చేరేది. ఎంత చక్కగా ఉండేదో! తర్వాత బ్లాటింగ్ పేపర్‌తో ఉప్పునీళ్లు లాగేసి, రెండో వైపు నుంచి మంచినీళ్లు పంపితే ముద్దలు ఉబ్బేవి. 40 సెకన్లకు ఒకటి పగిలి రంగంతా కారిపోయేది, వెంటనే పక్కది. 50 కణాలు లెక్కపెడితే గోడ దాకా నిండినవి 4.

ముందు బోరు నీళ్లను అనుమానించాను. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా నల్లగొండ పేరే ఉంది మరి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో చేశాను. 50కి 3. నీళ్లది తప్పు కాదు.

తర్వాత ఉప్పు. 5 శాతమంటే సుమారు 0.85 మోలార్ (లీటరు ద్రావణంలో ఎన్ని అణువులున్నాయో చూపే గాఢత కొలత). రెండు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి నీటిని లాగే బలం దాదాపు రెట్టింపు. పైగా సోడియం ఎక్కువైతే ప్లాస్మాత్వచాన్ని (గోడకు లోపల ముద్ద చుట్టూ ఉండే పల్చటి పొరను) పట్టి ఉంచే కాల్షియం తప్పుకుంటుంది. అందుకే పంచదారకు మారాను: 100 మి.లీ. ద్రావణంలో 17.1 గ్రాములు, 0.5 మోలార్. ముడుచుకోవడానికి 12 నిమిషాలు పట్టింది కానీ 50కి 15 బతికాయి. ఉల్లిపొర మీద ఇదే పంచదార మొదటిసారికే పనిచేసింది.

పదకొండో పొరకు మధ్యలో 0.25 మోలార్ మెట్టు పెట్టి ఐదు నిమిషాలు ఆగాను. అక్కడ ముద్దలు గోడకు కొంచెం దూరంలో ఆగాయి, ఒక్కటీ పగల్లేదు. చివర్లో మంచినీళ్లు తగలగానే పటపటా పగిలాయి. 50కి మిగిలినవి 19.

నా లెక్క ప్రకారం తప్పు వేగంలోనే ఉంది. కణం ముడుచుకునేటప్పుడు త్వచంలో కొంత చిన్న చిన్న సంచులుగా లోపలికి పోతుంది. త్వచం రబ్బరులా సాగదు, రెండు మూడు శాతం దాటితే చినుగుతుంది. లోపలి సంచులు తిరిగొచ్చి అతుక్కునేంత టైమ్ నేను ఇవ్వట్లేదు. ఈసారి పంచదారను 0.4, 0.3, 0.2, 0.1 మోలార్‌గా తగ్గిస్తూ వెళ్తాను, ఒక్కో మెట్టుకు పావుగంట.

ఇంతసేపు ఒకే కణాన్ని చూడాలంటే స్టేజి ఉన్న మైక్రోస్కోపే కావాలి. పొలం గట్టు మీదైతే 140 రెట్లు పెద్దగా చూపే కాగితపు మైక్రోస్కోప్ ఫోల్డ్‌స్కోప్‌కు సాటి లేదు, నీళ్లు మార్చే పనికి మాత్రం కుదరదు. నీళ్లు లాగడానికి టిష్యూ పేపర్ అసలు వద్దు, పోగులు వదులుతుంది.

పక్కనే ఇంకో స్లైడు యూరియాతో పెడతాను, 100 మి.లీ.కు 3 గ్రాములు, అదీ 0.5 మోలారే. యూరియా త్వచం గుండా మెల్లగా లోపలికి దూరుతుంది, దాని వెంట నీళ్లూ వెళ్తాయి. అంటే మంచినీళ్లు పోయకుండానే కణం తనంతట తాను ఉబ్బాలి! ఎరువుల బస్తాలోది వేపనూనె పూసిన యూరియా, నూనె తేలుతుంది కాబట్టి ల్యాబు కెమికల్స్ అమ్మేచోట కొంటాను. అది దొరక్కపోతే మెడికల్ షాపు గ్లిజరిన్ 4.6 గ్రాములు. కుండీలో మంచి ఆకులు ఆరే మిగిలాయి.