రాక్ ఒక్కసారి వస్తే ఎన్ని వస్తువులు తీయగలం?

మనుషులు నడుస్తూ సరుకు ఏరే గోదాములో, ఆర్డరు సిద్ధం చేసే సమయంలో దాదాపు సగం నడకకే పోతుందన్నది ఈ రంగంలో ఏనాటి నుంచో ఉన్న అంచనా. ఆ నడకను తప్పించడానికే మిక్ మౌంట్జ్ 2003లో అమెరికాలో కీవా సిస్టమ్స్‌ను స్థాపించారు. ఇళ్ళకు కిరాణా సరుకులు చేర్చే వెబ్‌వ్యాన్‌లో పనిచేసిన ఆయనకు, 2001లో దివాలా తీసిన ఆ సంస్థను ఆర్డర్లు కూర్చే ఖర్చు ఎంతగా కుంగదీసిందో తెలుసు. కీవా పద్ధతిలో మనిషి స్టేషన్ దగ్గరే, అంటే ఆర్డర్లు కూర్చే చోటే నిలబడతాడు. పొట్టి రోబో, అరల్లో సరుకు సర్దిన రాక్ కిందికి దూరి, దాన్ని ఎత్తుకుని అతని ముందుకు తెస్తుంది. 2012లో అమెజాన్ ఈ సంస్థను 77.5 కోట్ల డాలర్లకు కొన్నది.

నడిచే పని రోబోకు మారింది కానీ దూరం మాత్రం అలాగే ఉంది. అందుకే, రాక్ వచ్చిన ప్రతిసారీ దానిలోంచి ఎన్ని వస్తువులు తీశామన్న లెక్కనే నేను అన్నిటికన్నా ముందు చూస్తాను. ఒక ఆర్డరుకు సబ్బు కోసం రప్పించిన రాక్‌ను వెనక్కి పంపి, కాసేపటికే మరో ఆర్డరుకు అందులోని టూత్‌పేస్ట్ కోసం మళ్ళీ రప్పిస్తే రెండు ప్రయాణాలవుతాయి. ఆ రెండు ఆర్డర్లనూ ఒకే స్టేషన్‌లో ఒకేసారి తెరిచి ఉంచితే, అంటే రెండింటినీ పక్కపక్కనే నింపుతూ ఉంటే, ఒక్కటి చాలు. ఏ ఆర్డర్లను కలిపి తెరవాలి, వాటికి అతి తక్కువ రాక్‌లను ఎలా ఎంచాలి అన్నది గణితంలో చాలా కఠినమైన సమస్య. వేల ఆర్డర్లకు కచ్చితమైన జవాబు కోసం ఆగలేం కనుక, సాఫ్ట్‌వేర్ త్వరగా దొరికే మంచి జవాబుతో సరిపెట్టుకుంటుంది. మంచి జోడీ కోసం ఒక ఆర్డరును ఆపి ఉంచవచ్చు గానీ, లారీ బయలుదేరే వేళ దాటనివ్వకూడదు.

ఈ లెక్క సరుకు సర్దేటప్పుడే మొదలవుతుంది. కిరాణా కొట్టులో సబ్బులన్నీ ఒకచోట, పప్పులన్నీ ఒకచోట ఉంటాయి. ఈ రోబో గోదాములో మాత్రం ఒకే రకం సబ్బును కావాలనే పది రాక్‌లలో చెదరగొడతారు. అప్పుడు ఏ స్టేషన్‌కైనా ఏదో ఒక రాక్ దగ్గరలో దొరుకుతుంది, దానిలోనే మరో ఆర్డరుకు కావలసిన వస్తువు ఉండే అవకాశమూ పెరుగుతుంది. పని ముగిసిన రాక్ పాత చోటికే వెళ్ళనక్కరలేదు. త్వరలో మళ్ళీ అవసరమయ్యేదైతే స్టేషన్‌కు దగ్గరలోనే నిలుపుతారు.

అయితే రోబోల దూరం ఎంత తగ్గించినా, వంగి కింది అరలోంచి తీసేది మనిషే. రాక్‌లు ఆగకుండా వస్తున్నకొద్దీ అతనికి నడకలో దొరికే విరామం కూడా ఉండదు. తరచుగా అమ్ముడయ్యే సరుకును, బరువైన వస్తువులను నడుముకూ ఛాతీకీ మధ్య ఎత్తులోని అరల్లోనే సర్దాలన్న నియమం, రాక్ ప్రయాణాలు కొంచెం పెరిగినా సరే, సాఫ్ట్‌వేర్‌లో తప్పనిసరి షరతుగా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.