హాజరు పట్టీ లేని చదువు

2024 అక్టోబరు మొదటి వారంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగి, అక్కడి నుంచి రైల్లో సుమారు రెండు గంటలు ప్రయాణం చేసి గోటింగెన్ చేరుకున్నాను. ఎమ్మెస్సీ గణితం మూడో సెమిస్టరును విద్యార్థుల మార్పిడి పథకం కింద అక్కడ చదవడానికి మా విశ్వవిద్యాలయం నన్ను ఎంపిక చేసింది. గాస్, రీమాన్, హిల్బర్ట్, ఎమీ నోథర్ పనిచేసిన ఊరు కాబట్టి గణితం చదివే వాళ్లకు ఆ పేరు కొత్తది కాదు. మా బంధువులకు మాత్రం అది జర్మనీలో ఏ మూల ఉందో మ్యాపు తీసి చూపించవలసి వచ్చింది. చలికి తట్టుకోలేవనీ, తిండికి ఇబ్బంది పడతావనీ అందరూ ముందే భయపెట్టి పంపారు. నిజానికి ఆ రెండూ పదిహేను రోజుల్లో సర్దుకున్నాయి. రెండు నెలలు గడిచినా సర్దుకోనిది వేరొకటి ఉంది: నేను తరగతికి వచ్చానా రాలేదా, చదువుతున్నానా లేదా అని అక్కడ నన్ను ఒక్కరూ అడగలేదు.

డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరన్న భయంతో, జ్వరం వచ్చినా తరగతికి వెళ్లి పేరు పిలిచినప్పుడు పలికి, తిరిగి గదికి వచ్చి పడుకున్న రోజులు నాకు ఉన్నాయి. ఆ అలవాటుతోనే మొదటి రోజు పది గంటల పాఠానికి పది నిమిషాలు ముందే వెళ్లి కూర్చున్నాను. హాలు ఖాళీగా ఉంది. పది దాటినా ఎవరూ రాకపోయేసరికి గది తప్పానేమోనని రెండుసార్లు బయటికి వెళ్లి తలుపు మీది అంకె చూసుకొని వచ్చాను. టైమ్‌టేబుల్‌లో పది పక్కన ఉన్న ‘సి.టి.’ అనే రెండు అక్షరాలను నేను లెక్కచేయలేదు. అవి లాటిన్‌లో ‘కుమ్ టెంపోరె’ అన్న మాటకు పొడి అక్షరాలట. వాటి అర్థం పాఠం పావుగంట ఆలస్యంగా, అంటే సరిగ్గా పదీపావుకు మొదలవుతుందని. పదీ పన్నెండుకు జనం రావడం మొదలైంది, పదీ పద్నాలుగుకు హాలు నిండింది, పదీపావుకు ప్రొఫెసర్ గారు లోపలికి వచ్చి, పలకరింపుగా ఒక్క మాట అని సుద్దముక్క అందుకున్నారు. ఆయన చేతిలో హాజరు పుస్తకం లేదు.

అక్కడి నల్లబల్లల గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. ఒకదాని వెనుక ఒకటిగా పైకీ కిందికీ జరిగే పెద్ద బల్లలు అవి. పొడి డస్టరుతో దులిపే పద్ధతి లేదు. ప్రొఫెసరే పెద్ద స్పాంజిని పక్కనున్న కుళాయి కింద తడిపి, బల్లను నిలువునా తుడిచి, ఆ తర్వాత కార్ల అద్దాలు తుడిచే రబ్బరు పట్టీ లాంటి దానితో నీటిని కిందికి లాగేస్తారు. అరవై ఏళ్ల పెద్దమనిషి ఆ పని చేస్తుంటే, లేచి వెళ్లి సాయం చేయాలా వద్దా అని మొదటి వారమంతా నాకు కాళ్లలో ఒకటే తొందర. పాఠం ముగియగానే అందరూ పిడికిళ్లతో బెంచీల మీద టకటకమని కొట్టారు. గొడవ చేస్తున్నారనుకొని బిత్తరపోయాను. చప్పట్లకు బదులుగా అక్కడ చేసే మర్యాద అదేనని పక్కనున్న అమ్మాయి చెప్పింది.

హాజరు లేదు కాబట్టి చదువు తేలిక అనుకుంటే పొరపాటే. ప్రతి వారం ఒక అభ్యాస పత్రం ఇస్తారు, వారం తిరిగేలోపు ఇద్దరిద్దరు కలిసి రాసి ఇవ్వాలి, సెమిస్టరు మొత్తం మీద సగం మార్కులు తెచ్చుకుంటేనే చివరి పరీక్షకు అర్హత. మొదటి పత్రంలో మాకు ఇరవైకి ఏడు వచ్చాయి. జవాబులన్నీ సరైనవే. అయితే ‘ఇది స్పష్టమే’ అని నేను రాసి దాటేసిన ప్రతి చోటా అంచున ఎర్ర సిరాతో ‘వరుం?’ అని ఉంది, అంటే ‘ఎందుకు?’ అని. దిద్దింది మాకంటే రెండేళ్లు పెద్దవాడైన ఒక విద్యార్థి. ఆ పత్రం మీద అలాంటి ‘ఎందుకు’లు పదకొండు ఉన్నాయి. పేరు మోసిన కోచింగుల్లో వేగం కోసం మెట్లు దాటడం నేర్చుకున్న చేతికి, ఒక్కో మెట్టూ రాయడం అలవాటు కావడానికి క్రిస్మస్ సెలవుల దాకా పట్టింది.

నవంబరులో ఒక మంగళవారం ప్రొఫెసర్ గారిని ఆయన గదిలో కలవడానికి వెళ్లాను. విద్యార్థుల కోసం వారానికి ఒక గంట కేటాయించి, ఆ సమయం తలుపు మీద రాసి ఉంచుతారు. నమస్కారం చేసి, ఫలానా దేశం నుంచి వచ్చానని చెప్పి నిలబడ్డాను. ఆయన కుర్చీ చూపించి, కలం మూత తీసి, "మీ ప్రశ్న ఏమిటి?" అని అడిగారు. నా దగ్గర ప్రశ్న లేదు. ఒకసారి ముఖం చూపించి వస్తే మనల్ని గుర్తుపెట్టుకుంటారన్న మన లెక్కతో వెళ్లాను, అంతే. అర నిమిషం మౌనం తర్వాత, "ప్రశ్న దొరికినప్పుడు రండి" అన్నారు. అందులో వెటకారం లేదని ఇప్పుడు తెలుసు గానీ, ఆ రోజు మాత్రం మెట్లు దిగుతుంటే చెవులు కాలిపోయాయి. తర్వాతి మంగళవారం మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకొని వెళ్లాను. గంటంతా నాకే ఇచ్చారు.

మాస్టర్స్ పాఠాలు చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉన్నా, బయట జర్మన్ తప్పదు. ఆ భాషలో మన ‘నువ్వు’, ‘మీరు’ల్లాగే ‘డూ’, ‘జీ’ అని రెండు ఉన్నాయని తెలిసి మొదట సంబరపడ్డాను, ఇక తప్పు చేసే అవకాశమే లేదనుకున్నాను. తీరా చూస్తే సరిహద్దులు వేరు. దుకాణంలో నా ఈడు కుర్రవాడు నన్ను ‘మీరు’ అంటాడు. మా ఫ్లాటులో ఉండే, నాకంటే పన్నెండేళ్లు పెద్దవాడైన పరిశోధక విద్యార్థిని నేను ‘నువ్వు’ అనాలి. అతన్ని ‘అన్నా’ అనడానికి అక్కడ మాట లేదు. నాలుగైదు వారాల పాటు అతనితో ఏ సర్వనామమూ రాకుండా వాక్యాలు కట్టుకొని మాట్లాడాను.

ఊరిలో దిగిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించుకోవడం, ఇంటి యజమాని సంతకం, ఆరోగ్య బీమా, నెలకు 992 యూరోల చొప్పున ముందే చూపించవలసిన బ్యాంకు సొమ్ము వంటి కాగితాల పని గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. వంటింటి సంగతి మాత్రం చెప్పాలి. అయిదుగురికి ఒకటే వంటగది, ఏ వారం ఎవరు తుడవాలో తలుపుకు అంటించిన కాగితం. మొదటిసారి పప్పుకు పోపు పెట్టిన రోజున, నూనెలో ఎండుమిర్చి వేయగానే లేచిన ఘాటుకు నడవలోని పొగ హెచ్చరిక యంత్రం కీచుమని అరిచింది. నలుగురూ దగ్గుకుంటూ బయటికి వచ్చారు. ఎవరూ కోప్పడలేదు, కానీ మర్నాడు ఆ కాగితం కింద ‘పోపుకు ముందు: కిటికీ తెరవాలి, నడవ తలుపు మూయాలి’ అని జర్మన్‌లో ఒక వరుస చేరింది. పోపు అన్న మాటను మాత్రం నన్ను అడిగి అలాగే రాసుకున్నారు.

ఆ ఏడాది దీపావళి అక్టోబరు 31న, గురువారం వచ్చింది. తరగతులు ఉంటాయేమోనని బెంగపడుతుంటే, ఆ రోజు అక్కడ కూడా సెలవేనని తెలిసింది. మార్టిన్ లూథర్ మత సంస్కరణను గుర్తుచేసుకునే ఆ దినాన్ని 2018 నుంచి గోటింగెన్ ఉన్న లోయర్ సాక్సనీ రాష్ట్రం సెలవుగా పాటిస్తోంది. సంతోషంతో నిద్ర లేచి, బొబ్బట్లకు బెల్లం లేకపోతే పంచదారైనా తెద్దామని బయలుదేరాక గానీ సెలవు రోజున దుకాణాలన్నీ మూసే ఉంటాయన్నది గుర్తు రాలేదు. చివరికి ఫ్లాటులో తలా ఒక కప్పు ఇచ్చిన పంచదారతో పూర్ణం తయారైంది. అంతకు ముందు ఆదివారమే అక్కడ గడియారాలు గంట వెనక్కి జరిగి, మనకూ వాళ్లకూ తేడా నాలుగున్నర గంటలైంది. నేను దీపం పెట్టి ఫోన్ చేసేసరికి హనుమకొండలో అమ్మ నిద్రమత్తులో ఉంది.

డిసెంబరులో సాయంత్రం నాలుగుంపావుకే చీకటి పడేది. ఆ రోజుల్లో ఎక్కువ సమయం బున్‌సెన్ వీధిలోని గణిత సంస్థలోనే గడిపాను. 1929లో ప్రారంభమైన భవనం అది. లోపల అద్దాల బీరువాల్లో ప్లాస్టర్‌తోనూ, దారాలతోనూ చేసిన పాత గణిత నమూనాలు వరుసగా ఉంటాయి. పుస్తకంలో సమీకరణంగా మాత్రమే చూసిన ఉపరితలం అక్కడ దుమ్ము పట్టి, ఒక పక్క చిన్నగా పెచ్చూడి కనిపిస్తుంది. ఎమీ నోథర్ స్త్రీ అయినందువల్ల 1919 దాకా హిల్బర్ట్ పేరు మీద పాఠాలు చెప్పవలసి వచ్చిందనీ, యూదురాలైనందువల్ల 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నదనీ చదివాను. వేరొకరి పేరు మీద పాఠం చెప్పిన మనిషి పనిచేసిన విభాగంలో, నా పేరు ఎవరూ పిలవడం లేదని నేను చిన్నబుచ్చుకోవడం కాస్త సిగ్గుగానే అనిపించింది.

జనవరి మధ్యలో మరో గండం తప్పింది. పరీక్షకు ఆన్‌లైన్‌లో విడిగా పేరు నమోదు చేసుకోవాలి, చేసుకోకపోతే పరీక్ష లేనట్టే. నోటీసు పంపించే ఉన్నారు, నేనే చూడలేదు. గడువుకు రెండు రోజుల ముందు, నాతో కలిసి అభ్యాస పత్రాలు రాసే అమ్మాయి మాటల మధ్యలో అడగబట్టి సరిపోయింది. పరీక్ష మౌఖికం, అరగంట. మొదటి ప్రశ్న ఒక సిద్ధాంతం గురించి, తర్వాతివన్నీ ‘ఎందుకు’లే. 1.7 వచ్చింది. అక్కడ 1.0 అన్నిటికంటే పైది, 4.0 దాటితే తప్పినట్టు. ఫోన్‌లో చెప్పగానే నాన్న కొంచెంసేపు ఆగి, "ఎన్నింటికిరా?" అని అడిగారు.

మార్చి చివర తిరిగి వచ్చాక మార్కుల పత్రం మా పరీక్షల విభాగంలో ఇస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, హాజరు శాతం ఎక్కడా లేదనీ, అది రాయించి తేకపోతే క్రెడిట్లు ఎక్కించడం కుదరదనీ అన్నారు. మొహమాటపడుతూనే ప్రొఫెసర్ గారికి ఈమెయిల్ రాశాను. మర్నాటికే జవాబు వచ్చింది. తమ దగ్గర అలాంటి లెక్క ఉండదనీ, మేము ఇచ్చిన పదమూడు అభ్యాస పత్రాల మార్కులు జత చేస్తున్నాననీ రాసి, కింద ఒక వాక్యం చేర్చారు: "ఈ శాతం వాళ్లకు ఎందుకు కావాలో తెలుసుకోవచ్చా?" దానికి ఇంకా జవాబు రాయలేదు.