టెర్మినల్‌లో మౌస్

పొద్దున ఉగ్గాని తిని కూర్చుంటే సాయంత్రం దాకా ఒకటే పని. కర్నూలు పాతబస్తీలో విత్తనాల కొట్టు అన్నకు పైథాన్‌లో, కర్సెస్‌తో (టెర్మినల్ అనే అక్షరాల తెర మీద పట్టీలు గీసే లైబ్రరీ) స్టాకు పట్టీ రాసిచ్చాను. బాణం కీలతో నడుస్తుంది. "పేరు మీద నొక్కితే తెరుచుకోవల్లప్పా, జనం నిలబడుంటే కిందికీ మీదికీ ఎంతసేపు పోయేది?" అన్నాడు. న్యాయమైన మాట.

టెర్మినల్ ప్రోగ్రాముకు మౌస్ దానంతట అది అందదు, అడిగి తీసుకోవాలి. 1000 మోడ్ (టెర్మినల్‌లో నంబరుతో పిలిచే ఒక సెట్టింగు) ఆన్ చేస్తే ప్రతి నొక్కుడూ కీబోర్డు అక్షరాల్లాగే లోపలికి వస్తుంది: ఏ బటన్, ఏ గడి (వరుసలో ఒక అక్షరం పట్టే చోటు), ఏ వరుస. పాత పద్ధతిలో ఒక్కో సంఖ్యకు 32 కలిపి ఒక్క బైటులో పంపుతారు. బైటు 255 దాటదు కాబట్టి 223వ గడితో సరి. 1006 మోడ్‌లో ఆ హద్దు లేదు, వదిలింది ఏ బటనో కూడా తెలుస్తుంది. 1003 అయితే మౌస్ కదిలినా చెబుతూనే ఉంటుంది. పట్టీకి అదెందుకు?

క్లిక్కా, డబుల్ క్లిక్కా అని తేల్చుకోవడానికి ఎన్‌కర్సెస్ (కర్సెస్ వెనక పనిచేసేది) సెకనులో ఆరో వంతు ఆగుతుంది. ఆ ఆగే సమయాన్ని పెట్టే మౌస్‌ఇంటర్వల్‌ను సున్నా చేసి, నొక్కడాన్నే పట్టుకున్నాను. వేలు పడగానే వరుస తెరుచుకుంటుంటే ఎంత హాయిగా ఉందో!

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది తెలుగే. "జొన్న" కంటికి రెండక్షరాలు, యూనికోడ్‌లో (కంప్యూటరు అక్షరాలకు ఇచ్చే సంఖ్యల పద్ధతి) ఐదు. దానికి టెర్మినల్ ఇచ్చే గడులూ లైబ్రరీ లెక్కా ఒక్కోసారి కలవవు. మౌస్ చెప్పేది గడినే కానీ అక్షరాన్ని కాదు. అందుకే అంకెలన్నీ ముందుకు తెచ్చి పేరును చివర పెట్టాను, వరుసలో ఎక్కడ నొక్కినా చాలు.

ఇంకోటి. ప్రోగ్రాం మౌస్ తీసుకుంటే లాగి కాపీ చేయడం ఆగిపోతుంది. చాలా టెర్మినళ్లలో షిఫ్ట్ పట్టుకుంటే కుదురుతుంది, కానీ లాట్ నంబర్లు రోజంతా కాపీ చేసే మనిషికి అది గుర్తుపెట్టుకునే పని కాకూడదు. పట్టీ తెరలో తప్ప ఇంకెక్కడా మౌస్ పట్టుకోకుండా చేశాను.

సాయంత్రం అన్న చూసి సంతోషపడ్డాడు. "చక్రం తిప్పితే జరగదా?" అన్నాడు. చక్రం కూడా బటన్‌గానే వస్తుంది, పైకి 64, కిందికి 65. కిందికి తిప్పేదానికి కావలసిన ఐదో బటన్ పేరు పైథాన్ 3.10 నుంచే ఉంది, కొట్టులో ఉన్నది 3.8. రేపు ముందు అది మార్చాలి.