డీఎన్ఏ ద్రవ స్ఫటికం: చల్లనీళ్లు చేసిన మోసం

"బాగా కడగాలి." డీఎన్ఏకు సీటీఏబీ అనే సబ్బులాంటి రసాయనం కలిపి ద్రవ స్ఫటికం (ద్రవంలా జారుతూనే అణువులు వరసగా అమరి ఉండే పదార్థం) చేసే ఏ పద్ధతి తిరగేసినా, దిగిన ముద్దను కడిగే దశకు దక్కేది ఆ రెండు ముక్కలే. ఎంత వేడి నీళ్లతో, ఎన్నిసార్లు, ఎప్పుడు ఆపాలో రాసిన పుణ్యాత్ముడు కనపడలేదు. నా మూడు వారాలు అక్కడే పోయాయి.

మొదట్లో ఇబ్బందేం లేదు. 100 మిల్లీగ్రాముల సాల్మన్ డీఎన్ఏ సోడియం లవణాన్ని 10 మిల్లీమోలార్ ఉప్పు వేసిన 20 మిల్లీలీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, జిగురు తగ్గేదాకా మంచులో పెట్టి సోనికేటర్‌తో, అంటే శబ్ద తరంగాలతో పోగుల్ని ముక్కలు చేసే యంత్రంతో, కొట్టాను. ఉప్పు మానేయొద్దు, వట్టి నీళ్లలో డీఎన్ఏ పోగులు తేలిగ్గా విడిపోతాయి.

లెక్క: డీఎన్ఏలోని ఒక్కో ఫాస్ఫేట్‌కు ఒక్కో సీటీఏబీ అణువు. ఒక్కో ఫాస్ఫేట్ ఉండే డీఎన్ఏ ముక్క, అంటే న్యూక్లియోటైడ్ సగటు బరువు 330, సీటీఏబీది 364.5. కాబట్టి 100కి 110 మిల్లీగ్రాములు. 35 డిగ్రీల నీళ్లలో కరిగించి చుక్కచుక్కగా పోశాను, తెల్లటి ముద్ద దిగింది. డీఎన్ఏ పాడవకూడదని 4 డిగ్రీల నీళ్లతో మూడుసార్లు కడిగాను. అదీ నా తెలివి!

పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద పెడితే ధగధగా మెరిసే సూదులు. ఫొటోలు తీసి అందరికీ చూపించేశాను కూడా. ఒక జూనియర్ వచ్చి కవర్‌స్లిప్‌ను, అంటే నమూనా మీద కప్పిన పల్చటి గాజును, మెల్లగా నొక్కాడు. ద్రవ స్ఫటికమైతే జారాలి, రంగులు కదిలి మళ్లీ సర్దుకోవాలి. సూదులు పుటుక్కున విరిగాయి. స్టేజీని 30 డిగ్రీలకు తెస్తే తడి ముద్దలోని సూదులన్నీ కరిగి మాయం. అదంతా మిగులు సీటీఏబీ. సుమారు 25 డిగ్రీల కింద అది నీళ్లలో సరిగా కరగక స్ఫటికాలుగా దిగుతుంది. చల్లనీళ్లతో కడిగి దాన్ని నేనే కాపాడాను.

మిగులు ఎక్కడిదంటే, పొడిలో తేమ. డీఎన్ఏ ద్రావణం 260 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో (అబ్సార్బెన్స్) కొలిచాను; అది 1 అంటే మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల డీఎన్ఏ. ఆ లెక్కన నా 100లో అసలు డీఎన్ఏ 82. కావలసిన సీటీఏబీ 91, పోసింది 110. తూకాన్ని నమ్మకండి.

రెండోసారి 35 డిగ్రీల నీళ్లతో ఆరు కడుగుళ్లు. కడిగిన నీళ్లను సీసాలో ఊపితే నురుగు నిలిచినంతసేపూ ఆపలేదు. నురుగు పోయాక సిల్వర్ నైట్రేట్ చుక్క వేశాను. మసకబారితే లవణం ఇంకా ఉన్నట్టే.

40 డిగ్రీల వాక్యూమ్‌లో ఆరబెట్టి ఇథనాల్‌లో వేస్తే పూర్తిగా కరిగింది. పీచులా మిగిలితే సీటీఏబీ అందని డీఎన్ఏ ఉన్నట్టు. స్లైడు మీద చుక్క చిక్కబడుతుంటే అంచు ముందు వెలిగింది. మైక్రోస్కోప్ మాట సగమే నమ్మాలి. అణువుల అమరిక తేల్చేది ఎక్స్-రే: శిఖరాల స్థానాల నిష్పత్తి 1:2:3 అయితే పొరల అమరిక, 1:√3:2 అయితే షడ్భుజాకారం. అక్కడికి పంపేముందు ఆ జూనియర్‌నే పిలిచి కవర్‌స్లిప్ నొక్కమన్నాను. జారింది.